బస్సు దిగి నడిచిన పది నెలలు

2024 జనవరి, సంక్రాంతి రద్దీ. బందరు నుంచి బెజవాడ వస్తుంటే ఉయ్యూరు దాటాక వెనక టైరు పంక్చరైంది. స్టెప్నీ దించి, జాకీ పెట్టి, నట్లు విప్పడం మొదలుపెట్టాను. ఎన్నో వందల సార్లు చేసిన పనే. మూడో నట్టు దగ్గరికి వచ్చేసరికి ఊపిరి అందలేదు. పొద్దున్న ఎనిమిదైనా కాలేదు, గాలి చల్లగానే ఉంది, అయినా చొక్కా తడిసి వీపుకి అతుక్కుపోయింది. పానా కింద పెట్టి రోడ్డు పక్కనే కూర్చుండిపోయాను. మా కండక్టరు నాకంటే ఏడేళ్ళు చిన్న. "అన్నా, నువ్వు లేవకు" అని పానా తీసుకుని మిగతావి తనే విప్పాడు.

బస్సులో యాభై మందికి పైగా ఉన్నారు. పిల్లలు కిటికీల్లోంచి తలలు బయటపెట్టి చూస్తున్నారు. వీళ్ళందరినీ ఇంకో పాతిక కిలోమీటర్లు క్షేమంగా చేర్చాల్సింది నేను. నాకేమన్నా అయితే అన్న భయం కంటే, స్టీరింగ్ పట్టుకుని ఉండగా అయితే అన్న భయం ఎక్కువైంది. బెజవాడ వచ్చేదాకా నలభై దాటకుండా నడిపాను.

నాకప్పుడు 47 ఏళ్ళు. ఆర్టీసీలో డ్రైవరుగా 22 ఏళ్ళు. తెల్లవారుజామున డ్యూటీ ఎక్కితే రెండు ట్రిప్పులు, ఒక్కోసారి డబుల్ డ్యూటీ, నెలలో కొన్ని నైట్ అవుట్లు. పామర్రులో టీ, ఉయ్యూరులో టీ, బందరులో భోజనం. సిగరెట్టు, మందు అలవాటు లేవు కాబట్టి నా ఒంటికేం కాదనుకునేవాణ్ణి. రోజంతా బండి తోలి ఒళ్ళు హూనమయ్యేది. ఇంత కష్టపడుతుంటే మళ్ళీ ఎక్సర్‌సైజు ఎందుకనే మాట నేనూ చాలాసార్లు అన్నాను, తోటి డ్రైవర్ల దగ్గరా విన్నాను. అలసట వేరు, వ్యాయామం వేరు అని తెలియడానికి నాకు ఆ టైరు పంక్చర్ కావాల్సొచ్చింది.

మర్నాడే సూర్యారావుపేటలో ఒక డాక్టరు గారికి చూపించుకున్నాను. బీపీ 152/96. హెచ్‌బీఏ1సీ 8.4. మన రక్తంలో ఎర్ర కణాలు 120 రోజుల దాకా బతుకుతాయి, వాటికి ఎంత చక్కెర అంటుకుందో చూస్తే గత మూడు నెలల సగటు తెలుస్తుందట. 6.5 దగ్గర నుంచి షుగరు వ్యాధి కిందే లెక్క. రక్తంలో తిరిగే ఒక రకం కొవ్వు, ట్రైగ్లిజరైడ్లు 268, మంచి కొలెస్ట్రాల్ అనే హెచ్‌డీఎల్ 34. బరువు 84 కిలోలు. నర్సమ్మ టేపు పెట్టి నడుము కొలిస్తే 102 సెంటీమీటర్లు. మనదేశంలో మగవాళ్ళకి 90, ఆడవాళ్ళకి 80 దాటకూడదట. "ఇవన్నీ విడివిడి జబ్బులు కావు, ఒక చెట్టు కొమ్మలు. పొట్ట చుట్టూ కొవ్వు, షుగరు, బీపీ, ట్రైగ్లిజరైడ్లు కలిసే వస్తాయి, కలిసే గుండె మీద పడతాయి" అన్నారు డాక్టరు గారు. షుగరుకి మెట్‌ఫార్మిన్, గ్లిమెపిరైడ్, బీపీకి టెల్మిసార్టన్, కొలెస్ట్రాల్‌కి ఒక మాత్ర రాశారు. నడక మాత్రం వెంటనే మొదలుపెట్టొద్దన్నారు. పని చేస్తుంటే ఆయాసం వచ్చింది కాబట్టి ముందు గుండెకి ఈసీజీ, ఎకో, ఆ తర్వాత టీఎంటీ, అంటే బెల్టు మీద నడిపిస్తూ గుండెని చూసే పరీక్ష, చేయించాలన్నారు.

టీఎంటీ గురించి కాస్త వివరంగా చెప్తాను, ఎందుకంటే చాలామంది ఆ పేరు వింటేనే భయపడతారు, నేనూ భయపడ్డాను. ఛాతీ మీద వెంట్రుకలు గీసి, అక్కడక్కడా చల్లగా ఉండే బిళ్ళలు అతికించి వైర్లు తగిలించారు. చేతికి బీపీ పట్టీ. నడిచే బెల్టు మీద నిలబెట్టారు. మొదటి మూడు నిమిషాలు మెల్లగా, మన వీధిలో నడిచినట్టే ఉంది కానీ ఎత్తు ఎక్కుతున్నట్టుంటుంది. మూడు నిమిషాలకోసారి వేగమూ పెరుగుతుంది, ఎత్తూ పెరుగుతుంది. డాక్టరు గారు పక్కనే నిలబడి తెర వంక చూస్తూ "ఛాతీలో నొప్పి ఉందా? కళ్ళు తిరుగుతున్నాయా?" అని అడుగుతూనే ఉన్నారు. రెండో దశలోనే పిక్కలు బిగుసుకుపోయాయి. 5 నిమిషాల 40 సెకన్లకి ఇక నావల్ల కాదని చెయ్యి ఎత్తాను. గుండె నిమిషానికి 148 సార్లు కొట్టుకుంటోంది. 220 లోంచి వయసు తీసేస్తే వచ్చేది గరిష్ఠం అని ఒక ఉజ్జాయింపు లెక్క. నాకు 173, అందులో 85 శాతం అంటే 147. ఆరు నిమిషాల నడకకే అక్కడికి చేరిపోయాను.

"బ్లాకులున్న సూచనలేమీ కనబడలేదు" అన్నారు. నాకు ప్రాణం లేచొచ్చింది. కానీ ఆయన మొహంలో సంతోషం లేదు. "మీ సామర్థ్యం 7 మెట్‌లు కూడా లేదు. మీ వయసుకి ఇది తక్కువ" అన్నారు. ఆయన మెట్ అంటే నాకు మెట్టు అని వినబడింది. ఊరికే కూర్చున్నప్పుడు ఒళ్ళు వాడుకునే శక్తి ఒక మెట్. దానికి ఎన్ని రెట్లు పని చేయగలమన్నదే లెక్క. అమెరికాలో ఈ బెల్టు పరీక్ష చేయించుకున్న ఆరు వేలమందికి పైగా మగవాళ్ళని ఏళ్ళ తరబడి గమనించి 2002లో లెక్క తేల్చారట. సామర్థ్యం ఒక్క మెట్ ఎక్కువ ఉంటే బతికే అవకాశం 12 శాతం మెరుగు. బీపీ, షుగరు, సిగరెట్టు వీటన్నిటికంటే ఈ అంకే గట్టిగా చెప్పిందట. "మందులతో షుగరు అంకె తగ్గించగలను కానీ మీ బదులు నేను మెట్‌లు ఎక్కలేను" అన్నారు. అప్పట్నుంచీ నా మనసులో అది మెట్టుగానే ఉండిపోయింది.

మా అమ్మాయి ఫిజియోథెరపీ చదువుతోంది. రిపోర్టులన్నీ తిరగేసి, "నాన్నా, నీ కథ మా పుస్తకాల్లో ఎప్పుడో ఉంది" అంది. నేను నమ్మలేదు. లండన్‌లో జెరెమీ మోరిస్ అనే డాక్టరు 1953లో బస్సు డ్రైవర్లనీ, కండక్టర్లనీ పోల్చి చూశాడట. ఒకే సంస్థ, ఒకే బస్సు, ఇంచుమించు ఒకేలాంటి జీవితాలు. కండక్టర్లు రెండంతస్తుల బస్సులో రోజూ కొన్ని వందల మెట్లు ఎక్కి దిగేవాళ్ళు. డ్రైవర్లు కూర్చునే ఉండేవాళ్ళు. గుండెజబ్బు డ్రైవర్లలో బాగా ఎక్కువ తేలింది. వ్యాయామానికీ గుండెకీ సంబంధముందని లోకం గట్టిగా పట్టించుకోవడం మొదలైంది అక్కణ్ణుంచేనట.

అంతకంటే నన్ను పట్టేసిన సంగతి ఇంకోటుంది. డ్రైవర్లు లావుగా ఉంటారు కాబట్టి జబ్బు వచ్చిందేమోనని కొందరు అనుమానపడితే, మోరిస్ వాళ్ళకిచ్చే యూనిఫాం ప్యాంట్ల నడుము కొలతలు తీయించాడు. డ్రైవర్ల నడుము పెద్దదే. కానీ సన్నగా ఉన్న కండక్టరుని సన్నగా ఉన్న డ్రైవరుతో, లావుపాటి కండక్టరుని లావుపాటి డ్రైవరుతో పోల్చినా కండక్టర్లకే ముప్పు తక్కువ. అంటే కదలికకి దాని బలం దానికుంది, అది ఒక్క బరువు తగ్గించడం ద్వారానే పనిచెయ్యదు. ఈ ఒక్క మాట నాకు వంట పట్టకపోయి ఉంటే నేను ఏప్రిల్‌లోనే మానేసేవాణ్ణి. అది తర్వాత చెప్తాను.

ఫిబ్రవరి మొదటి వారంలో మొదలుపెట్టాను. మా ఇల్లు కృష్ణలంక. కృష్ణ వరదని ఆపే రిటైనింగ్ వాల్ దాకా నడిచి, పద్మావతి ఘాట్ వైపు వెళ్ళి వెనక్కి రావడం. మొదటి వారం పది నిమిషాలే. అమ్మాయి పెట్టిన కొలత చాలా సులువైనది: నడుస్తూ పక్కవాళ్ళతో మాట్లాడగలగాలి, పాట మాత్రం పాడలేకపోవాలి. పాట పాడగలిగితే వేగం చాలలేదు, మాట కూడా రాకపోతే ఎక్కువైంది. వారానికి రెండు నిమిషాలు, మూడు నిమిషాలు పెంచుకుంటూ మార్చి ఆఖరికి అరగంటకి వచ్చాను. వారానికి 150 నిమిషాల నుంచి 300 నిమిషాల దాకా ఇలాంటి నడక ఉండాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో చెప్పింది. దానితోపాటు వారంలో రెండు రోజులైనా కండరాలకి బలమిచ్చే పని ఉండాలనీ చెప్పింది. ఈ రెండో ముక్కని మనవాళ్ళు పూర్తిగా వదిలేస్తున్నారు, అది నాకు బాధగా ఉంటుంది. దానికి జిమ్ము అక్కర్లేదు. మా తాతగారి కాలంలో తాలింఖానాలో తీసిన దండీలు, బస్కీలు అవే. నాకు మోకాళ్ళు సహకరించవు కాబట్టి కుర్చీలోంచి చేతులు ఆనకుండా లేచి కూర్చోవడం పది సార్లు, గోడకి చేతులు ఆనించి తీసే దండీలు పది. అలా మూడు విడతలు.

మొదట్లో చెప్పులతోనే నడిచాను. రెండో వారం మడమ మీద బొబ్బ లేచింది. అమ్మాయి చూసి చాలా కోప్పడింది. షుగరున్న కాలికి దెబ్బ తగిలినా తెలియకపోవచ్చు, మానడమూ ఆలస్యమే. ఆరోజే బూట్లు, నూలు మేజోళ్ళు కొన్నాం. ఇప్పటికీ రాత్రి పడుకోబోయే ముందు అరికాళ్ళు చూసుకుంటాను.

ఇన్సులిన్ సంగతి అమ్మాయి నాకు బస్సు భాషలోనే చెప్పింది. కండరం ఒక బస్సు, చక్కెర ప్రయాణికులు. ముందు డోరు తెరిచేది ఇన్సులిన్. నాలాంటివాళ్ళకి ఆ డోరు తుప్పుపట్టి సరిగ్గా తెరుచుకోదు, జనమంతా బస్టాండులోనే, అంటే రక్తంలోనే, నిలబడిపోతారు. కండరం పని చేస్తున్నప్పుడు ఇన్సులిన్‌తో పని లేకుండా వెనక డోరు తెరుచుకుంటుంది. నడిచినంతసేపూ అందులోంచి ఎక్కుతూనే ఉంటారు. ఆ తర్వాత ఒకటి రెండు రోజులు ముందు డోరు కూడా కాస్త తేలిగ్గా తెరుచుకుంటుంది. మళ్ళీ మామూలే. అందుకే వరసగా రెండు రోజులకు మించి మానొద్దంటారు.

వినడం వేరు, కళ్ళతో చూడడం వేరు. గ్లూకోమీటరు కొన్నాం. సెలవు రోజున మధ్యాహ్నం అన్నం, పప్పు, దొండకాయ వేపుడు, పెరుగు తిని ఎప్పటిలా పడుకున్నాను. గంటన్నరకి చూస్తే 238. మళ్ళీ సెలవు రోజున మా ఆవిడ అవే వండింది, అన్నం కూడా అదే గిన్నెతో కొలిచి పెట్టింది. చెయ్యి కడుక్కుని పావుగంట మా వీధిలోనే అటూ ఇటూ మామూలుగా నడిచాను. గంటన్నరకి 186. మా ఆవిడ మీటరు తప్పేమోనని ఇంకోసారి గుచ్చింది. 189. ఒక్కసారి చూసినదాన్ని బట్టి ఏదీ తేల్చకూడదు నిజమే, కానీ తర్వాత చాలాసార్లు చూశాను, తేడా ఎప్పుడూ ఆ వైపే ఉంది. ఆ రోజు నుంచి బందరు బస్టాండులో భోజనం అయ్యాక సీటు వెనక్కి వాల్చి కునుకు తీయడం మానేశాను.

ఏప్రిల్‌లో రెండు జరిగాయి. మొదటిది ప్రాణాల మీదికి వచ్చింది. ఎండలు ముదిరాక నేను సాయంత్రం ఆరున్నరకి నడక మార్చుకున్నాను. ఆరోజు డ్యూటీ ఆలస్యమై మధ్యాహ్నం రెండు ఇడ్లీలతో సరిపెట్టాను, మాత్ర మాత్రం వేసుకున్నాను. ఘాట్ దగ్గరికి వచ్చేసరికి చేతులు వణికాయి. ఒళ్ళంతా చల్లటి చెమట. ఎదురుగా బ్యారేజీ లైట్లు రెండేసిగా కనబడుతున్నాయి. గట్టు మీద కూర్చుంటే పల్లీలు అమ్మే ఆవిడ "ఏమయింది బాబూ?" అని అడిగింది, నాకు మాట తిరగలేదు. ఆవిడే పక్క బండిలోంచి చెరుకురసం తెచ్చి తాగించింది. పది నిమిషాలకి మనిషినయ్యాను. ఇంటికొచ్చి చూసుకుంటే అప్పటికి 84. తాగకముందు ఎంతకి పడిపోయిందో ఊహించుకుంటే ఇప్పటికీ దడ పుడుతుంది.

డాక్టరు గారు విని కుర్చీలో ముందుకి జరిగారు. గ్లిమెపిరైడ్ తిండితో పని లేకుండా ఇన్సులిన్‌ని బయటికి నెడుతుంది, దానికి తోడు నడక కూడా చక్కెరని వాడేస్తే ఇలాగే పడిపోతుంది. "ఇది మీకు స్టీరింగ్ మీద జరిగి ఉంటే?" అన్నారు. ఆ మాత్ర సగానికి తగ్గించి, రెండు నెలలకి పూర్తిగా తీసేశారు. నాలా మాత్రలు వాడేవాళ్ళు, ఇన్సులిన్ తీసుకునేవాళ్ళు నడక మొదలుపెట్టే ముందే డాక్టరుకి చెప్పండి. మాత్ర సొంతంగా మానకండి, సొంతంగా కొనసాగించనూ వద్దు. నా జేబులో ఇప్పటికీ గ్లూకోజు పొడి పొట్లం, నాలుగు బిస్కెట్లు ఉంటాయి. బస్సులో నా సీటు పక్క అరలో ఇంకో పొట్లం. అది ఎక్కడుందో కండక్టరుకీ తెలుసు.

రెండోది బరువు. రెండున్నర నెలల నడక తర్వాత కాటా ఎక్కితే 83.6. అంతే! తెల్లారుజామున లేచి, ఎండలో, నైట్ అవుట్ మర్నాడు కూడా మానకుండా నడిస్తే నాలుగు వందల గ్రాములు. డిపోలో ఒకతను "నడిస్తే తగ్గేదయితే పోస్ట్‌మాన్లందరూ సన్నగానే ఉండాలిగా" అన్నాడు. ఆ రాత్రి నిజంగా ఏడుపొచ్చింది. అమ్మాయి టేపు తెచ్చి నడుము కొలిచింది: 99. మూడు సెంటీమీటర్లు తగ్గింది. పొద్దున్నే మంచం దిగకముందు నాడి చూస్తే జనవరిలో 88 ఉండేది, ఇప్పుడు 78. బీపీ 138/88, అందులో మాత్రల వాటా ఉంది, నడక వాటా కూడా ఉంది. బీపీ ఉన్నవాళ్ళకి క్రమం తప్పని వ్యాయామం పై అంకెని ఓ 5 నుంచి 8 దాకా తగ్గించగలదట. "లండన్ ప్యాంట్లు గుర్తున్నాయా నాన్నా?" అంది. అప్పుడు తట్టింది నాకు. కాలేయం చుట్టూ, పేగుల చుట్టూ పేరుకున్న కొవ్వు ముందు కరుగుతుంది, కండ కాస్త పెరుగుతుంది, కాటాకి అవి తెలియవు. ఆ కాటాని మంచం కిందకి తోసేశాం. కొత్తగా నడక మొదలుపెట్టిన ప్రతివాళ్ళకీ నేను మొదట చెప్పేది ఇదే: మూడు నెలలు కాటా ఎక్కకండి, టేపు వాడండి.

మే నెలంతా తెల్లవారుజాము నాలుగున్నరకే నడిచాను. రోహిణి కార్తెలో ఆ వేళకి కూడా గాలి వేడిగానే కొట్టేది.

సెప్టెంబరు మొదట్లో వరద వచ్చింది. బ్యారేజీ దగ్గర 11 లక్షల క్యూసెక్కులు దాటింది, అంత నీరు ఎప్పుడూ చూడలేదు. గోడ ఉండబట్టి మా కృష్ణలంక నిలబడింది కానీ బుడమేరు సింగ్‌నగర్‌ని ముంచేసింది. అక్కడి నుంచి మా అక్కావాళ్ళు నలుగురూ మా ఇంటికొచ్చారు. రెండు గదుల్లో ఎనిమిది మందిమి. పన్నెండు రోజులు నడక లేదు, నిద్ర లేదు, పులిహోర పొట్లాలు, బ్రెడ్డు ఏది దొరికితే అది. పరగడుపు షుగరు 118 ఉండేది కాస్తా 156కి వెళ్ళింది. ఏడు నెలల కష్టం పన్నెండు రోజుల్లో పోయిందనుకుని కుంగిపోయాను. మళ్ళీ నడక మొదలుపెట్టిన పదిరోజులకి 124కి దిగింది. తిండీ, నిద్రా కూడా అప్పటికి గాడిన పడ్డాయి. ఒంటికి పగ లేదు, మనం తిరిగొస్తే అదీ తిరిగొస్తుంది.

నవంబరు నెలాఖరులో మళ్ళీ టీఎంటీ. అదే గది, అదే బెల్టు. ఆరో నిమిషం అయినప్పుడు డాక్టరు గారు తెర మీద అంకె చూపించారు: 122. జనవరిలో అక్కడికి చేరకముందే 148. అదే ఎత్తు, అదే వేగం, గుండె మాత్రం నింపాదిగా కొట్టుకుంటోంది. ఒక్కో దెబ్బకి ఎక్కువ రక్తం పంపడం నేర్చుకుంది, కాళ్ళ కండరాలు వచ్చిన ప్రాణవాయువుని బాగా పీల్చుకోవడం నేర్చుకున్నాయి. మూడో దశ పూర్తిచేసి 9 నిమిషాల 10 సెకన్లకి దిగాను. 10 మెట్‌లు. గ్లిమెపిరైడ్ లేకుండానే హెచ్‌బీఏ1సీ 6.8. ట్రైగ్లిజరైడ్లు 158, హెచ్‌డీఎల్ 38. చెడు కొలెస్ట్రాల్ అనే ఎల్‌డీఎల్ బాగా తగ్గింది కానీ అది చాలావరకు మాత్ర పుణ్యమేనని, దాన్ని ఆపొద్దని గట్టిగా చెప్పారు. నడుము 95, బరువు 81.5. నాకింకా షుగరుంది, బీపీ ఉంది, మూడు రకాల మందులు రోజూ వేసుకుంటున్నాను.

మా కండక్టరుకి నేను బలవంతంగా పరీక్ష చేయించాను. రోజంతా నిలబడే ఉంటాడు కదా, తనకేం ఉండదనుకున్నాం. కానీ మన బస్సుల్లో ఎక్కడానికి పై అంతస్తు లేదు. నిలబడి టిక్కెట్లు కొట్టడం లండన్ మెట్లతో సమానం కాదు. తనకి హెచ్‌బీఏ1సీ 6.1 వచ్చింది, షుగరుకి ముందు దశ. భయపడిపోయాడు. అప్పుడు మా అమ్మాయి చెన్నైలో చేసిన అధ్యయనం గురించి తనకి చెప్పింది, 2006లో వెలువడింది. ఇలా అంచు మీదున్న 531 మందిని తీసుకుంటే, మూడేళ్ళలో మామూలు సలహాతో వదిలేసినవాళ్ళలో నూటికి 55 మంది షుగరులోకి జారారు, నడక, తిండి మార్చుకున్నవాళ్ళలో 39 మంది. మనవాళ్ళ మీద చేసిన లెక్క కాబట్టి తనకి నమ్మకం కుదిరింది.

ఇప్పుడు బందరు బస్టాండులో క్యారేజీ కడిగి పెట్టాక ఇద్దరం కలిసే నడుస్తాం. ప్లాట్‌ఫాం ఈ చివర నుంచి ఆ చివరకి, లడ్డూల కొట్టు మీదుగా, మళ్ళీ వెనక్కి. తను మొదట్లో నా వేగం అందుకోలేక "అన్నా, ఆగు" అనేవాడు. మొన్న నేనే అన్నాను. పన్నెండు నిమిషాలు కాగానే తను టిక్కెట్లు కొట్టే టిమ్ము మిషను తీసుకుని డోరు దగ్గరికి, నేను స్టీరింగ్ దగ్గరికి. బండి మూడు గంటల పదికి కదులుతుంది.